హార్నెస్ వేశాక మా ల్యాబ్ ఇంకా ఎక్కువ లాగుతున్నాడు, ఏం చేయాలి?

సింబా_పటమట:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. మా ఇంట్లో ల్యాబ్రడార్ ఉన్నాడు, పేరు సింబా, రెండేళ్ళు దాటాయి, బరువు 34 కిలోలు. ఇంట్లో ఉన్నంతసేపూ బంగారం, చెల్లి పిల్లలు మీదెక్కి తొక్కినా కదలడు. గేటు గడియ తీసిన చప్పుడు వినపడిందంటే మాత్రం ఇక మన మాట వాడి చెవిన పడదు, బయట కాలు పెట్టడమే ఆలస్యం, సందు చివర టిఫిన్ బండి దాకా మమ్మల్ని ఈడ్చుకుపోతాడు.

ముందు మామూలు మెడ బెల్టే వాడాం. లాగి లాగి దగ్గేవాడు, గొంతులోంచి గురగురమని శబ్దం వచ్చేది, నాలుక రంగు కూడా మారేది. అది చూడలేక ఒక పెట్ షాపులో అడిగితే, మెడకి బదులు ఛాతీ చుట్టూ పట్టీలు వచ్చే హార్నెస్ వేయండి, లాగడం ఆగిపోతుంది అని వీపు మీద రింగు, పట్టుకోవడానికి పైన హ్యాండిల్ ఉన్నది ఇచ్చారు. దగ్గు తగ్గిన మాట నిజమే. లాగడం తగ్గలేదు సరికదా, ఇప్పుడు ఛాతీ కిందికి వంచి, వెనక కాళ్ళు తన్నిపెట్టి మరీ లాగుతున్నాడు. ఆదివారం చికెన్ కొట్టు ముందు వీధికుక్కలు చేరి ఉంటాయి, ఆ రోజైతే ఇక చెప్పక్కర్లేదు.

నేను పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోతే అమ్మే వాడిని తిప్పాలి. ఆవిడకి అరవై దాటాయి. మొన్న పిల్లిని చూసి వాడు ఒక్కసారి గుంజేసరికి లీష్ తాడు అరచేతిని ఒరుసుకుంటూ జారిపోయింది, చెయ్యంతా ఎర్రగా చారలు తేలాయి. పక్కనే కరెంటు స్తంభం ఉండబట్టి పట్టుకుని నిలదొక్కుకుంది. అప్పట్నుంచి బంధువులు వచ్చిన ప్రతిసారీ వాడిని ఎవరికైనా ఇచ్చేయండి అనే మాటే. నాకు ఇష్టం లేదు, అమ్మకైతే అసలు ఇష్టం లేదు, రాత్రి వాడు పక్కన పడుకోకపోతే ఆవిడకి నిద్ర పట్టదు.

హార్నెస్‌లో ఏది తీసుకోవాలి? పక్కింటి అంకుల్ లాగితే మెడకి బిగుసుకునే చోక్ గొలుసు వేయమంటున్నారు, అది సరైనదేనా? రెండేళ్ళు దాటినవాడు ఇప్పుడు నేర్చుకుంటాడా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్, చాలా టెన్షన్‌గా ఉంది.

కానూరు_నాటుకుక్క:

రింగు వీపు మీద ఉంటే లాగడం ఆగదండి, వాడికి ఇంకా సుఖం. ఛాతీ ముందు రింగు ఉన్నది తీసుకోండి, ఫ్రంట్ క్లిప్ అని అడిగితే ఇస్తారు. కొనే ముందు మీ దగ్గరున్నదాన్నే ఒకసారి తిప్పి చూడండి, కొన్నిటికి ముందు కూడా రింగు ఉంటుంది, అది ఎందుకో ఎవరూ చెప్పరు. ఉంటే కొత్తది కొనే పనే లేదు. అయితే గుడ్డ మీద ఊరికే అంటించి కుట్టిన ప్లాస్టిక్ రింగైతే నమ్మొద్దు, 34 కిలోల కుక్క ఒక్క గుంజు గుంజితే ఊడి చేతికొస్తుంది. లోహపు రింగు అయ్యుండాలి, పట్టీ దాని లోంచి దూర్చి రెండు మూడు వరసలు కుట్టి ఉండాలి.

బ్రాడీపేట_గుంటూరు:

పైన చెప్పింది కరెక్టు. ఎందుకలా అనేది తెలిస్తే మిగతాదంతా మీకు సులువవుతుంది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

మా పల్నాడు వైపు తిరునాళ్ళలో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. ఎద్దు బరువు లాగేది కాడితో, మోపురం ముందు దాన్ని ఆనించుకుని ఒళ్ళంతా మోపి లాగుతుంది. అదే ఎద్దుని పక్కకి తిప్పాలంటే కాడితో పని జరగదు, ముక్కుతాడుకి కట్టిన పగ్గం కావాలి. షాపువాళ్ళు మీ సింబాకి ఇచ్చింది కాడి అండి. మంచు దేశాల్లో స్లెడ్జి బండ్లు లాగే కుక్కలకి కట్టేది కూడా హార్నెస్సే, బరువు మెడ మీద పడకుండా ఛాతీ మీద పరుచుకుంటుంది, తాడు వెనక నుంచి వస్తుంది, వాటిని తయారు చేసిందే హాయిగా లాగడానికి. మెడ నొప్పి లేదు, దగ్గు లేదు, ఇక సింబా ఎందుకు ఆగుతాడు చెప్పండి? పైగా కుక్కని వెనక్కి లాగితే అది ముందుకి తోస్తుంది. మొండితనం కాదు అది, ఒంటి మీద ఒత్తిడి ఎటు పడితే దానికి ఎదురు ఒరగడం వాటి స్వభావం.

రింగు ఛాతీ ముందు, రొమ్ము ఎముక మీద ఉంటే కథ మారుతుంది. వాడు దూకిన క్షణంలోనే తాడు ఛాతీని పక్కకి తిప్పేస్తుంది, ముఖం మీ వైపు వస్తుంది, ఆ ఊపు అక్కడికక్కడే చచ్చిపోతుంది. బలం మీకు పెరగలేదు, వాడి బలం నేరుగా ముందుకి పోవడం లేదు, అంతే తేడా.

ఇక్కడిదాకా చేసి చాలామంది వదిలేస్తారు, పది పదిహేను రోజులకి కుక్క పక్కకి వంగి లాగడం నేర్చుకుంటుంది, హార్నెస్ పనిచేయలేదు అంటారు. హార్నెస్ చేసేది లాగుడు బలం తగ్గించడం వరకే. లాగే అలవాటు మాన్పించాల్సింది మీరు. సింబా ఎందుకు లాగుతున్నాడు? లాగితే టిఫిన్ బండి వస్తోంది కాబట్టి. ఇన్నాళ్ళూ లాగిన ప్రతిసారీ వాడు అనుకున్న చోటికి చేరాడు. అది తిరగబడాలి, లాగితే ప్రపంచం ఆగిపోవాలి, తాడు వదులైతేనే కదలాలి.

మొదలు వీధిలో కాదు, ఇంట్లో హాల్లో. తర్వాత మేడ మీద, తర్వాత గేటు లోపల. గేటు గడియ చప్పుడుకే పిచ్చెక్కుతున్నాడు అన్నారు కదా, గడియ తీయండి, దూకాడా, మళ్ళీ వేసేయండి. అరవొద్దు, తిట్టొద్దు, మాట్లాడకుండా వేసేయండి. నాలుగు కాళ్ళూ నేల మీద ఆనించి మీ ముఖం చూసేదాకా ఆ గేటు తెరుచుకోదు అని వాడికి అర్థం కావాలి. మొదటి రోజుల్లో వాకింగ్ టైమంతా గేటు దగ్గరే అయిపోతుంది, అవనివ్వండి, దానికి కంగారు పడొద్దు.

వీధిలోకి వచ్చాక లీష్ కొక్కెం మీద కన్నేసి ఉంచండి. కొక్కెం కిందికి వేలాడుతుంటే తాడు వదులుగా ఉన్నట్టు. అది లేచి అడ్డంగా నిలబడిందంటే బిగుస్తోందన్న మాట, వాడు పూర్తిగా లాగేదాకా ఆగక్కర్లేదు, అప్పుడే ఆగిపోండి. వెనక్కి గుంజొద్దు, ఊరికే నిలబడండి. వాడు తిరిగి చూసినా, ఒక అడుగు వెనక్కి వేసినా, శభాష్ అని చిన్న ముక్క ఇచ్చి కదలండి. ఆ ముక్క మీ ముందు చాచి ఇవ్వకండి, మీ ప్యాంటు పక్క కుట్టు దగ్గర ఇవ్వండి, తిండి ఎక్కడ దొరికితే వాడు అక్కడే నడుస్తాడు. ఉడకబెట్టిన చికెన్ చిన్న చిన్న ముక్కలు చేసుకోండి, వేలి గోరంత చాలు, ఉప్పూ కారం ఏమీ వద్దు, ఉల్లిపాయ వెల్లుల్లి అసలు తగలకూడదు, అవి కుక్కలకి విషం.

ఇంకోటి, వాసన చూడనివ్వండి. కుక్కకి వాకింగ్ అంటే సగం వాసనే. తాడు వదులుగా నాలుగడుగులు నడిచాక, పో చూసుకో అని ఆ చెట్టు దగ్గర వదిలితే చికెన్ కంటే అదే పెద్ద బహుమతి అయిన రోజులు ఉంటాయి. రెండేళ్ళేం వయసు, ఎనిమిదేళ్ళ కుక్కలు నేర్చుకోవడం చూశాను. అయితే ఇంట్లో అందరిదీ ఒకటే రూలు అయ్యుండాలి, మీరు ఆగి అమ్మగారు వాడి వెంట పోతే వాడికి లాటరీ తగిలినట్టే, ఇంకా గట్టిగా లాగుతాడు.

గొల్లపూడి_రాట్:

నేను వేరేగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మాది రాట్‌వీలర్, చోక్ గొలుసుతోనే నేర్పాం, ఇప్పుడు పక్కనే నడుస్తాడు. పెద్ద కుక్కకి ముక్కలు తినిపిస్తూ కూర్చుంటే ఈలోపు ఎవరో ఒకరు కింద పడతారు. అక్కడ పెద్దావిడ పడిపోబోయారు అంటున్నారు, వెంటనే కంట్రోల్ కావాలి కదా. గొలుసు సరిగ్గా వాడటం తెలిస్తే, టక్కున ఒక్కసారి అని వదిలేస్తే, కుక్కకి ఏమీ కాదు.

గన్నవరం_వెట్:

నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను. గొల్లపూడి అన్నా, అమ్మగారి గురించి మీరన్న తొందర న్యాయమైనదే. కానీ గొలుసు విషయంలో మీతో ఒప్పుకోలేను. చోక్ గొలుసు పనిచేసేది నొప్పితో, గొంతు నొక్కుకోవడంతో. టక్కున అని వెంటనే వదిలే చెయ్యి మీది, బలం ఉంది, టైమింగ్ ఉంది. పటమట అన్న వాళ్ళ అమ్మగారి చేతిలో అది వదులు కాదు, కుక్క లాగుతూనే ఉంటుంది, గొలుసు బిగుస్తూనే ఉంటుంది. సింబాకి మామూలు బెల్టుతోనే దగ్గు, గురక, నాలుక రంగు మారడం ఉన్నాయి అంటే వాడి శ్వాసనాళం మీద అప్పటికే బాగా ఒత్తిడి పడింది. పటమట అన్నా, ఆ దగ్గు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంటే ఒకసారి డాక్టర్‌కి చూపించండి. బెల్టు వల్లే అని మనకి మనం తేల్చేసుకోకూడదు, గుండె జబ్బులోనూ, గొంతు ఇన్‌ఫెక్షన్‌లోనూ అదే దగ్గు వస్తుంది.

మెడ మీద ఒత్తిడి మెడతోనే ఆగదు. 2006లో అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది, బెల్టుతో లాగుతున్న కుక్కల కంటి లోపలి ఒత్తిడి పెరిగింది, హార్నెస్‌తో లాగినప్పుడు పెరగలేదు. గ్లకోమా అనే కంటి ఒత్తిడి జబ్బు ఉన్నవాటికి, కంటి ఆపరేషన్ అయినవాటికి ఇది చాలా పెద్ద విషయం. పగ్, షీ జూ లాంటి పొట్టి ముక్కు జాతులకీ, శ్వాసనాళం త్వరగా మెత్తబడే పామరేనియన్లకీ నేనైతే బెల్టుకి లీష్ తగిలించొద్దనే చెప్తాను. అలాంటి చిన్న కుక్క లాగకుండా నడిచేదైతే వీపు మీద రింగున్న హార్నెస్ కూడా చక్కగా సరిపోతుంది, అది చెడ్డ వస్తువేమీ కాదు, లాగే పెద్ద కుక్కకి తగింది కాదు అంతే.

కొలతల దగ్గర తొందరపడకండి. టైలర్ టేపు తీసుకుని ముందు కాళ్ళ వెనక పక్కటెముకల చుట్టూ ఎక్కడ వెడల్పో అక్కడ కొలవండి, మెడ మొదట్లో కూడా కొలవండి. షాపులో ఎం, ఎల్, ఎక్స్ఎల్ అని ఉంటాయి, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, ఆ అక్షరాన్ని నమ్మి కొనొద్దు, వీలైతే కుక్కని తీసుకెళ్ళి వేసి చూడండి. ముందు నుంచి చూస్తే పట్టీలు ఇంగ్లీషు వై అక్షరంలా ఉండి భుజాలని వదిలేసేది తీసుకోండి. ఛాతీకి అడ్డంగా ఒకే పట్టీ వెళ్ళేది వద్దు, కాలు ముందుకి చాచినప్పుడల్లా భుజం దానికి తగులుతుంది. పట్టీ కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. పొట్ట పట్టీ చంక ముడతల్లోకి రాకుండా, మోచేతికి రెండు మూడు వేళ్ళు వెనకగా ఉండాలి. వేసిన మొదటి వారం ప్రతిరోజూ చంకలో వెంట్రుకలు పక్కకి తీసి చర్మం చూడండి, ఎర్రబడినా, వెంట్రుక రాలుతున్నా పట్టీ ఒరుసుకుంటున్నట్టే.

మన ఊరి ఎండకి ఇంకొన్ని జాగ్రత్తలు. దళసరి మెత్త ఉన్న జాకెట్ లాంటి హార్నెస్ ల్యాబ్‌కి మన వేసవిలో వద్దు, గాలి ఆడే సన్న పట్టీలదే నయం. వాకింగ్ నుంచి రాగానే విప్పేయండి, రోజంతా ఉంచితే చెమ్మ పట్టి ఫంగస్ వస్తుంది, పట్టీ కింద పిడుదులు చేరతాయి. టిక్ ఫీవర్ ఇక్కడ ఎంత మామూలో తెలుసు కదా. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఆరు లోపే తిప్పేసి రండి, సాయంత్రం పూట రోడ్డు మీద చేతి వెనక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే వాడి పాదాలూ ఉండలేవు.

ల్యాబ్‌లు తిండి వాసనకి అంత లాగడం వెనక ఒంట్లో కారణం కూడా ఉంది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ల్యాబ్రడార్లలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించడం గమనించారు, దాదాపు నాలుగింట ఒక ల్యాబ్‌లో అది ఉంది, ఉన్నవాటికి తిండి మీద యావ ఎక్కువ, బరువూ ఎక్కువ. కాబట్టి టిఫిన్ బండి దగ్గర సింబా చేసే గొడవ కొవ్వెక్కి చేసేది కాదు. అదే ఆకలిని బ్రాడీపేట గారు చెప్పిన చికెన్ ముక్కల వైపు మళ్ళించండి, ల్యాబ్‌కి నేర్పడం అందుకే సులువు. కాకపోతే ఇచ్చే ముక్కలన్నీ రోజు తిండిలోంచి తగ్గించాలి, లేకపోతే వచ్చే ఏడాదికి 40 కిలోలు అవుతాడు.

సింబా_పటమట:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఇప్పుడే చూశాను, మాదానికి ముందు రింగు లేదు, పొట్ట పట్టీ కూడా సరిగ్గా చంకలోనే ఉంది, అక్కడ వెంట్రుకలు పలచబడ్డాయి. దగ్గు ఇప్పుడు రావట్లేదు, అయినా చూపిస్తాను. కొత్తది తెచ్చాక నేర్పేది నేనే, సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చాక కూర్చుంటాను. కానీ వాడు నేర్చుకునేలోపు పొద్దున్న అమ్మ ఏం చేయాలి? ఆవిడ లీష్‌ని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంటుంది, జారకుండా ఉంటుందని.

మొగల్రాజపురం_పార్వతమ్మగారిల్లు:

బాబూ, ముందు ఆ చుట్టుకోవడం ఇవాళే మాన్పించు. నాకూ మీ అమ్మ వయసే, నా దగ్గర పెరిగినవన్నీ పెద్ద కుక్కలే. చుట్టుకుంటే తాడు జారదు, నిజమే, మనిషే జారిపోతుంది, వేళ్ళు విరుగుతాయి, మణికట్టు బెణుకుతుంది. లీష్ చివర ఉన్న ఉచ్చు బొటనవేలికి తగిలించుకుని, మిగతాది అరచేతిలోకి మడిచి, పిడికిలి మూసుకోమను. రెండో చెయ్యి కొంచెం కిందుగా తాడు మీద ఉండాలి. రెండు చేతులూ బొడ్డు దగ్గర, ఒంటికి ఆనించి. చెయ్యి చాచిందంటే భుజం పోయినట్టే. మరీ బలంగా లాగి పడిపోయే పరిస్థితి వస్తే వదిలేయమను, పిడికిలి విప్పితే చాలు, చుట్టుకోకపోతేనే అది కుదిరేది. గుండ్రటి నైలాన్ తాడు ఉంటే తీసేసి వెడల్పు పట్టీది, లోపల మెత్త ఉన్నది కొను.

ఇంకా మంచిది చెప్పనా, ఓ నెల రెండు నెలలు పొద్దున్న ఆవిడ రోడ్డు మీదకి తీసుకెళ్ళకపోతేనేం? మేడ మీద తిప్పమను. నీళ్ళు వడకట్టిన అన్నంలో చికెన్ కలిపి పాత తువ్వాలులో చుట్టి పెడితే వాడు విప్పుకుంటూ పది నిమిషాలు వెతుక్కుంటాడు, అలసిపోతాడు కూడా. రోడ్డు పని నువ్వు చూసుకో. పెద్దవాళ్ళం పడితే తుంటి ఎముకే విరుగుతుంది బాబూ, కుక్కని ఇచ్చేయాలనే మాట అప్పుడు నిజంగా వస్తుంది. వీధికుక్కలు ఎదురొస్తే నిలబడి చూడొద్దు, అవి కనపడిన దూరంలోనే, సింబా ఇంకా నీ మాట వింటున్నప్పుడే అవతలి వైపుకి దాటేయ్. చికెన్ కొట్టు సందు ఆదివారం అసలు వద్దు, వేరే దారి చూసుకో.

గొల్లపూడి_రాట్:

అమ్మగారు చెప్పిన పిడికిలి మాట అందరికీ పనికొస్తుంది. గొలుసు సంగతి కూడా ఆలోచిస్తాను, కంటి ఒత్తిడి విషయం నాకు తెలియదు. మావాడికి ఏడేళ్ళు వచ్చాయి, ఎటూ ఇప్పుడు లాగడం లేదు, హార్నెస్‌కి మార్చి చూస్తా.

సింబా_పటమట:

అమ్మకి మీరు రాసింది చదివి వినిపించాను, మీకు నమస్కారం చెప్పమంది. పొద్దున్న మేడ మీదే అని ఒప్పుకుంది. చివరగా ఒక్కటి. కుక్కలు వెనక్కి నడిచి హార్నెస్ ఊడబెరుక్కుంటాయని విన్నాను, దీపావళికి టపాసుల చప్పుడుకి వీడు వణికిపోతాడు. లీష్ ఎంత పొడవు ఉండాలి?

కానూరు_నాటుకుక్క:

బెదిరిన కుక్క తల దించి వెనక్కి వెనక్కి నడిస్తే ఎంత మంచి హార్నెస్సైనా తల మీదుగా వచ్చేస్తుందండి, అది నిజం. అందుకే మెడ బెల్టు తీసేయకండి, వదులుగా ఉంచి, పేరూ ఫోన్ నంబరూ ఉన్న బిళ్ళ దానికే తగిలించండి. రెండు వైపులా కొక్కెం ఉన్న చిన్న పట్టీ ఒకటి తీసుకుని హార్నెస్ ముందు రింగునీ మెడ బెల్టునీ కలిపేయండి, హార్నెస్ ఊడినా కుక్క చేతిలోనే ఉంటుంది. మామూలు నడకలో ఆ పట్టీ వదులుగానే వేలాడాలి, బరువు మెడ మీద పడకూడదు. లీష్ ఐదారు అడుగులది చాలు. బటన్ నొక్కితే సాగే రకం వద్దే వద్దు, అది ఎప్పుడూ కొంచెం బిగువుగానే ఉంటుంది, లాగితే ఇంకాస్త తాడు వస్తుందని మనమే నేర్పినట్టవుతుంది, పైగా కాలికో చేతికో చుట్టుకుంటే కోసుకుపోతుంది. దీపావళి ముందు రోజు నుంచే సాయంత్రం వాకింగ్ మానేసి, చీకటి పడకముందే ఒకటీ రెండూ అన్నీ కానిచ్చి లోపలికి తెచ్చేయండి.